మనిషి దిగక తప్పని డ్రైనేజీని డిజైన్ చేస్తున్నదెవరు?

2021 ఆగస్టులో ఒక రాత్రి హైదరాబాద్ సాహెబ్‌నగర్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలతో బయటకు రాలేదు. అంతకు ఐదేళ్ల ముందు, 2016 ఆగస్టులో, మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్ నలుగురిని మింగింది. ప్రతిసారీ వినే మాటలు అవే. విషవాయువు, మాస్కు లేదు, కాంట్రాక్టర్‌పై కేసు, కుటుంబానికి పరిహారం. ఆ తర్వాత మూత మూసేస్తారు. మేం అడుగుతున్నది మాత్రం ఆ మూత తెరవడానికి చాలా ముందు జరిగిన పని గురించి. ఆ పైపులైను గీసినప్పుడే, అది పూడుకుపోతే ఎవరో ఒకరు దిగుతారులే అని లెక్క వేసిందెవరు?

చట్టం లేక కాదు. చేతులతో మలమెత్తే పనిని నిషేధించే 2013 చట్టం అదే ఏడాది డిసెంబర్ 6న, అంబేడ్కర్ వర్ధంతి రోజునే అమల్లోకి వచ్చింది. మురుగు కాల్వలను, సెప్టిక్ ట్యాంకులను ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని అందులోని 7వ సెక్షన్ నేరమంది. మొదటిసారి చేయిస్తే రెండేళ్ల వరకు జైలు, రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 33వ సెక్షన్ ప్రకారం ఈ పనికి తగిన యంత్రాలు వాడటం స్థానిక సంస్థల బాధ్యత.

అయితే ఆ చట్టంలోనే ఒక సందు ఉంది. రక్షణ పరికరాలు ఇవ్వకుండా, జాగ్రత్తలు తీసుకోకుండా దింపితేనే అది ‘ప్రమాదకర శుభ్రత’. అంటే మనిషి దిగడాన్ని చట్టం పూర్తిగా నిషేధించలేదు. చట్టం కింద వచ్చిన నిబంధనలు ఏ సందర్భాల్లో దిగవచ్చో కూడా చెప్పాయి. కొత్తగా వేసిన పెద్ద లైనును పాతదానికి కలిపేటప్పుడు, సంపు అడుగున బిగించిన పంపుసెట్టును తీసేటప్పుడు, మ్యాన్‌హోల్‌ను మళ్లీ కట్టేటప్పుడు. ఇవి చాలవన్నట్టు, తప్పనిసరి అని పై అధికారి కారణాలు రాసి అనుమతిస్తే చాలు.

ఈ జాబితాను ఇంజినీరు కళ్లతో చూడండి. పంపు చెడిపోతే మనిషి ఎందుకు దిగాలి? పంపును గైడ్ రైళ్ల మీద అమర్చి, పైనుంచే గొలుసుతో లాగేసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అలా కట్టిన సంపులో పంపు తీయడానికి ఎవరూ దిగనక్కర్లేదు. దాన్ని అడుగున బోల్టులతో బిగించేలా గీసిన రోజే ఒక మనిషిని లోపలికి దింపాలని నిర్ణయమైపోయింది. ఆ మనిషి ఎవరో డ్రాయింగ్ మీద రాసి ఉండదు. కానీ అందరికీ తెలుసు.

మాకైతే బాగా తెలుసు. కేంద్రం ‘నమస్తే’ పథకం కింద 38 వేల మంది మురుగు కాల్వల, సెప్టిక్ ట్యాంకుల కార్మికుల వివరాలు సేకరిస్తే, వారిలో దాదాపు 69 శాతం ఎస్సీలని తేలింది. ఎస్టీ, ఓబీసీలను కలిపితే అది 92 శాతం. ఇంజినీరింగ్ సిలబస్‌లో కులం అనే పాఠం లేదు. నగరపు మురుగు వ్యవస్థ మాత్రం దాని మీదే నడుస్తోంది.

యంత్రాలు రాలేదని మేం అనడం లేదు. 2017లో హైదరాబాద్ జలమండలి 70 మినీ జెట్టింగ్ మిషన్లను ఇరుకు గల్లీల్లోకి పంపింది. దళిత పారిశ్రామికవేత్తలను వాటి యజమానులను చేసింది. తర్వాత ఢిల్లీ కూడా ఆ దారి పట్టింది. ఇది మంచి అడుగే. కానీ సాహెబ్‌నగర్ చావులు ఆ మిషన్లు వచ్చిన నాలుగేళ్లకు జరిగాయి. మిషన్ ఉండటం వేరు, మిషన్ రాకుండా పని మొదలుకాని వ్యవస్థ ఉండటం వేరు. సబ్ కాంట్రాక్టు, రాత్రి పని, తొందర. ఈ మూడూ కలిసినచోట మిషన్ కన్నా మనిషే చవక.

డబ్బు సంగతీ చూద్దాం. 2021లో హైదరాబాద్‌కు 31 కొత్త మురుగుశుద్ధి కేంద్రాలు ప్రకటించారు. అంచనా రూ.3,866 కోట్లు. మూసీ బాగుపడాలంటే అవి కావాల్సిందే. మరి ‘నమస్తే’ పథకానికి దేశం మొత్తానికి మూడేళ్లకు పెట్టింది రూ.349.70 కోట్లు. ఒక్క నగరం కాంక్రీటు ఖర్చులో పదో వంతు కూడా కాదు. ఎన్ని లీటర్ల మురుగు శుద్ధి అవుతుందో ప్రతి ప్రాజెక్టు నివేదికలో ఉంటుంది. దాన్ని నడపడానికి ఏడాదికి ఎన్నిసార్లు మనిషి లోపలికి దిగాలి అన్న లెక్క ఎక్కడైనా ఉందా?

2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మురుగు చావులకు పరిహారాన్ని రూ.10 లక్షల నుంచి రూ.30 లక్షలకు పెంచింది. 2025 జనవరి 29న హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు కాల్వలు శుభ్రం చేయించడాన్ని ఆపాలని ఆదేశించింది. ఆ ఆదేశం అమలు కావాలంటే అది అఫిడవిట్లలో కాదు, టెండర్ కాగితాల్లో కనిపించాలి.

అందుకే మా డిమాండ్లు నేరుగా ఇంజినీరింగ్ విభాగాలకే. ‘మనిషి దిగనక్కర్లేని నిర్మాణం’ అన్నది ప్రతి కొత్త లైనుకు, పంపుహౌస్‌కు, శుద్ధి కేంద్రానికి టెండర్ షరతు కావాలి. ప్రభుత్వ ఆసుపత్రులు, బడులు, బస్టాండ్లు, సంక్షేమ హాస్టళ్ల సెప్టిక్ ట్యాంకులనూ మిషన్ల జాబితాలో చేర్చాలి. దిగడానికి ఇచ్చిన ప్రతి రాతపూర్వక అనుమతినీ, కారణంతో, సంతకంతో బహిరంగపరచాలి. ఎవరైనా చనిపోతే కేసు కాంట్రాక్టర్ దగ్గరే ఆగకుండా, ఆ సంతకం దాకా వెళ్లాలి.

పరిహారం పెంచినందుకు కోర్టుకు కృతజ్ఞతలు. కానీ మా వాళ్ల చావుకు మంచి ధర కోసం కాదు మేం కొట్లాడుతున్నది. ఆ మెట్లు దిగాల్సిన అవసరమే లేని నగరం కోసం.