భూమి అమ్మిన రైతు గోడు వినేదెవరు?

ఊరి పక్కన కొత్త రోడ్డు పడుతుందన్న మాట పుట్టగానే, తారు కంటే ముందు బ్రోకర్లు దిగుతున్నారు.

మా ఊళ్లో రెండెకరాల రైతు ఒకాయన కూతురి పెళ్లికని భూమి బేరం పెట్టాడు. బ్రోకరు లక్ష రూపాయలు బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకున్నాడు. కొనేదెవరయ్యా అంటే పట్నం పార్టీ అన్నాడు. తీరా చూస్తే కాగితంలో కొనుగోలుదారు ఆ బ్రోకరే! మిగతా సొమ్ముకు తేదీ రాయలేదు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఎక్కువ ధర ఇచ్చేవాళ్ల కోసం తిరుగుతున్నాడు. ఏడాదిన్నర అయింది. ఇంకొకరికి అమ్ముతానంటే కోర్టుకెక్కుతానంటాడు. పెళ్లి అప్పు చేసి జరిపించారు. వడ్డీ పెరుగుతోంది.

రేపు ఆ భూమే ప్లాట్లయితే, కొన్నవాళ్లకు రెరా ఉంది. 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచరు రిజిస్టరు కావాలి. అందులో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటూ రిజిస్టరు కావాలి. లేకుంటే రోజుకు 10 వేల చొప్పున, ప్లాటు ఖరీదులో 5 శాతం దాకా జరిమానా. ఏజెంటు మోసం చేస్తే నేరుగా రెరాకే ఫిర్యాదు చేయొచ్చు. మంచిదే. ప్లాట్లు కొనేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. కానీ సాగుభూమి బేరం చేసే ఊరి బ్రోకరుకు ఆ రిజిస్ట్రేషనూ లేదు, ఆ జరిమానా లేదు. స్టేషనుకు వెళితే సివిలు తగాదా అంటారు. సివిలు కోర్టు సంగతి మనకు తెలిసిందే.

బ్రోకర్లంతా మోసగాళ్లని మేము అనడం లేదు. కమిషన్ తీసుకుని నిజాయితీగా బేరం కుదిర్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లకూ చెడ్డపేరు వస్తోంది. అందుకే సాగుభూమి బ్రోకర్లను మండలంలో నమోదు చేయాలని, రైతు ఫిర్యాదును ఆర్డీవో గడువు పెట్టి విచారించాలని అడుగుతున్నాం.

ఈలోగా మనమూ జాగ్రత్తపడాలి. చదివించుకోకుండా వేలిముద్ర వేయడం మన తప్పే. అసలు కొనేవాడి పేరు, ఆఖరు తేదీ, ఆ తేదీకి సొమ్ము కట్టకపోతే బయానా ఏమవుతుందో కాగితంలో రాయించండి. తేదీ లేని అగ్రిమెంటుకు మూడేళ్ల కాలపరిమితి, మీరు అమ్మనన్నారని అవతలివాడికి తెలిసిన రోజు నుంచే లెక్క. కాబట్టి ఇప్పటికే చిక్కుకున్నవాళ్లు ఊరకే కూర్చోకుండా వకీలు చేత గడువు పెట్టి నోటీసు ఇప్పించండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఇద్దరూ ఒప్పుకుంటే కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. ఆ రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది.

ఇలాంటి అగ్రిమెంట్లు మీ దగ్గరుంటే జిరాక్సు తీసి మండల కమిటీకి ఇవ్వండి. కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రానికి జత చేస్తాం.