కారణం రాయకుండా ‘కాదు’ అంటే ఎలా?



నేను ఆర్మీలో క్లర్కుగా చేరి సుబేదారుగా రిటైరయ్యాను. మా గిద్దలూరు, కంభం వైపు పల్లెల్లో ఫౌజీల కుటుంబాలు చాలా ఉన్నాయి. పెన్షన్ కాగితం అర్థం కాకపోతే పట్టుకుని మా ఇంటికొస్తారు. అలా వచ్చే కాగితాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది, డిజెబిలిటీ పెన్షన్ ఇవ్వడం కుదరదని రికార్డ్ ఆఫీసు పంపే ఉత్తరం. అది చూడగానే ఇక అయిపోయిందనుకుని బీరువాలో పెట్టేసేవాళ్లే ఎక్కువ.

ఈమధ్య ఒక హవల్దారు తెచ్చిన ఫైలు చూడండి. భర్తీ నాటి వైద్య పరీక్షలో ఏ లోపమూ లేదు. పోస్టింగుల జాబితా అరపేజీ ఉంది: కుప్వారా, సియాచిన్, నడుమ సికింద్రాబాదు, మళ్లీ సరిహద్దు. రిటైరయ్యేనాటికి బీపీ. రిలీజ్ మెడికల్ బోర్డు దాన్ని 30 శాతం వైకల్యంగా లెక్కగట్టింది. కానీ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా అన్న గడిలో ‘కాదు’ అని రాసింది. సర్వీసు వల్ల ముదిరిందా అన్న గడిలోనూ ‘కాదు’ అనే ఉంది. కారణం రాయాల్సిన చోట ఒక్కటే వాక్యం: జబ్బు పీస్ స్టేషన్‌లో (అంటే సరిహద్దుకు దూరంగా ఉండే ప్రశాంత ప్రాంతంలో) ఉండగా బయటపడింది. సియాచిన్‌లో గడిపిన కాలం ప్రస్తావనే లేదు. బీపీ బయటపడిన ఊరు వేరు, అది ఒంట్లో మొదలైన చోటు వేరు కావచ్చన్న ఆలోచన ఆ వాక్యం రాసిన డాక్టరుకు రాకపోవడం నాకు నమ్మశక్యంగా లేదు.

ఇది కొత్త వివాదమేమీ కాదు. 2013 జూలైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. ఆయన సిగ్నల్స్ కోర్‌లో చేరి, తొమ్మిదేళ్ల సర్వీసు తర్వాత మూర్ఛ వ్యాధి వల్ల ఇంటికి రావాల్సి వచ్చిన సిపాయి. 1982 నాటి ఎంటైటిల్‌మెంట్ నిబంధనలను ఒక్కొక్కటే చదివి కోర్టు తేల్చిందేమిటంటే, భర్తీ సమయంలో జబ్బు ఉన్నట్టు రాసి లేకపోతే ఆ మనిషి ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని సిపాయి రుజువు చేయనక్కర్లేదు, అనుమానం ఉంటే ఆ లాభం అతనికే దక్కాలి. సర్వీసుతో సంబంధం లేదని బోర్డు అంటే, ఎందుకు లేదో బోర్డే రాయాలి. 2025 మే నెలలో రాజుమోన్ కేసులోనూ, కారణాలు చూపని మెడికల్ బోర్డు మాట పట్టుకుని పెన్షన్ ఆపడాన్ని అదే కోర్టు ఒప్పుకోలేదు.

మరి ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఒంటి వాక్యం ఎలా వస్తోంది? నా ఫిర్యాదు ఇదే. తీర్పు ఢిల్లీలో ఉంది, బోర్డు బల్ల మీదికి రాలేదు.

దీనివల్ల పోయేది చిన్న మొత్తం కాదు. 30 శాతం వైకల్యాన్ని 50 శాతంగా లెక్కించాలన్న నియమం ఉంది. సర్వీసు కాలం పూర్తిచేసుకుని వచ్చినవాళ్లకూ అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రకారం ఆ హవల్దారుకు మామూలు పెన్షన్‌తో పాటు ఆఖరి జీతంలో 15 శాతం నెలనెలా రావాలి, అదీ బతికున్నంత కాలం.

కాదన్న ఉత్తరం అందాక ఆరు నెలల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు. అక్కడా కాదంటే మరో ఆరు నెలల్లో రెండో అప్పీలు. ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. వినడానికి మెట్లు బాగానే ఉన్నాయి. కానీ నేను చూసిన అప్పీళ్లలో చాలావాటికి వచ్చిన జవాబు, మొదటి ఉత్తరానికి తేదీ మార్చినట్టే ఉంది. అప్పీలుదారు ఎత్తిన ఒక్క ప్రశ్నకూ సమాధానం ఉండదు. చివరికి వకీలు ఫీజు పెట్టుకోగలిగినవాడు ట్రిబ్యునల్‌లో గెలుచుకుంటాడు, పెట్టుకోలేనివాడు మానుకుంటాడు. గెలిచినవాడి మీద కూడా ప్రభుత్వం పైకోర్టుకు వెళ్లిన సందర్భాలు కోకొల్లలు. ఇలాంటి దావాలు తగ్గించుకోమని 2015లో రక్షణ మంత్రి మనోహర్ పారికర్ వేసిన నిపుణుల కమిటీయే చెప్పింది.

పెన్షన్ కోసం లేని జబ్బు చూపేవాళ్లు ఉన్నారన్న మాట ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది. ఉంటే పట్టుకోవాల్సిందే, నాకేమీ అభ్యంతరం లేదు. సర్వీసులో ఉండగా వచ్చిన ప్రతి జబ్బూ సర్వీసు పుణ్యమే అని సుప్రీంకోర్టు కూడా అనలేదు. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో బోర్డు అభిప్రాయాన్నే నిలబెట్టింది. నేనడిగేది ఇదే: పరీక్షించండి, కారణం రాయండి. కారణం రాస్తే దొంగ కేసు అక్కడే తేలిపోతుంది, నిజమైన కేసుకు న్యాయం జరుగుతుంది. అందరినీ ఒకే రబ్బరు స్టాంపుతో కొడితే దొంగ దొరకడు, దొర నష్టపోతాడు.

ప్రభుత్వానికి నా విన్నపాలు రెండు. బోర్డు కాగితంలో కారణం గడి నింపకపోయినా, పోస్టింగుల చరిత్రను పట్టించుకోకుండా నింపినా, ఆ కాగితాన్ని పైఅధికారి సంతకం పెట్టకుండా వెనక్కి పంపాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో అప్పీలు రాయడం తెలిసిన మనిషిని ఒక్కరినైనా పెట్టాలి. ఇప్పుడక్కడ సాయం చేసే మనసున్నవాళ్లు ఉన్నారు గానీ, మెడికల్ బోర్డు కాగితాన్ని తప్పుపట్టగల చదువున్నవాళ్లు అరుదు.

ఇక ఉత్తరం అందుకున్న అన్నదమ్ములకు, భర్త పోయాక ఫైలు వెతుక్కుంటున్న అక్కచెల్లెళ్లకు ఒక మాట. మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ మీ దగ్గర లేకపోతే సమాచార హక్కు కింద వెంటనే అడగండి. భర్తీ నాటి వైద్య పరీక్ష, పోస్టింగుల వివరాలు, ఆసుపత్రి కాగితాలు జతచేయండి. అప్పీలులో ఏడుపులు వద్దు, ప్రశ్నలు రాయండి: చేరినప్పుడు ఈ జబ్బు లేదు కదా, ఎత్తైన చోట్ల పనిచేసిన కాలాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు, సర్వీసు వల్ల ముదరలేదని ఏ ఆధారంతో అన్నారు? గడువు దాటిపోయినవాళ్లు కూడా ఆశ వదులుకోవద్దు. పెన్షన్ నెలనెలా రావాల్సింది కాబట్టి ఆలస్యమైనా దావా వినవచ్చు. అయితే తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం పాత బకాయిలు మామూలుగా మూడేళ్లకు మించి రావు. ఎంత ఆలస్యమైతే అంత నష్టం. ఉత్తరం వచ్చిన కవరును కూడా పారేయకండి. ఆరు నెలల లెక్కకు దాని మీది పోస్టు ముద్రే మీ సాక్ష్యం.

ఇట్లు,
ఒక మాజీ సుబేదార్,
గిద్దలూరు