ఖాళీ నేల అని ఎవరన్నారు?

పదో తరగతి పరీక్షలు అయిపోగానే, ఏప్రిల్‌లో, జైసల్మేర్ ఎడారికి పోదామని మా వాడకట్టు అన్నలు ఒక ప్లాన్ వేశారు. 16 మంది, 4 జీపులు, 4 రోజులు. "రోడ్డు మీద అందరూ పోతరు. మనం రోడ్డు దిగి ఇసుకల పోదాం. ఎక్కడ పొద్దుగూకితే అక్కడ డేరా" అన్నది ఆ ప్లాన్‌లో అన్నిటికంటే పెద్ద మాట. మా తరగతిలో ఆరుగురు పేర్లు ఇచ్చారు. నేను ఇవ్వలేదు. "ఏందే, భయమైందా?" అని అడిగిన వాళ్లందరికీ ఒకేసారి జవాబు చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను ఎడారికి పోవద్దని చెప్పడం లేదు. నాకూ చూడాలని ఉంది. రోడ్డు దిగవద్దని మాత్రమే చెబుతున్నాను.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. అన్నలు ఊరికే గాలిమాటలు మాట్లాడడం లేదు. బాగా లెక్కలు వేశారు. ఒక్క జీపుతో ఎడారిలోకి పోకూడదు, ఒకటి ఇసుకలో దిగబడితే ఇంకొకటి తాడు కట్టి లాగాలి. రోడ్డు మీద 30 దాకా ఉండే టైరు గాలిని ఇసుకలో 18కి తగ్గించాలి, అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని కూరుకుపోదు. మళ్లీ రోడ్డు ఎక్కేముందు గాలి కొట్టడానికి పంపు కావాలి. పార, పలకలు, మందుల పెట్టె కావాలి. మనిషికి రోజుకు 5 లీటర్ల చొప్పున 16 మందికి 4 రోజులకు 320 లీటర్ల నీళ్లు కావాలి. ఈ కాగితం మా అన్న నాకు చూపించాడు. రెండు పేజీలు ఉంది. ఎడారి మనల్ని ఏం చేస్తుందో దానిలో అంతా ఉంది. మనం ఎడారిని ఏం చేస్తామో ఒక్క వరుస కూడా లేదు.

అడిగితే అన్న ఏమన్నాడో తెలుసా? "అక్కడ ఏముందే, ఉత్త ఇసుకే గదా. ఖాళీ నేల."

నా గొడవంతా ఈ 'ఖాళీ' అన్న మాటతోనే.

థార్ ఎడారి ఖాళీగా లేదు. ప్రపంచంలో ఎక్కువ జనం బతికే ఎడారుల్లో అది ఒకటి. జైసల్మేర్ వైపు ఏడాదికి కురిసే వాన 200 మిల్లీమీటర్ల లోపే. ఆ కొంచెం వానతో అక్కడి జనం వందల ఏళ్లుగా బతుకుతున్నారు. ఎట్లా బతుకుతున్నారో చూడండి. వాన నీళ్లు జారి కుంటలోకో, ఇంటి ముందరి టాంకాలోకో చేరడానికి చుట్టూ ఏటవాలు నేలను వదిలిపెడతారు. దాన్ని ఆగోర్ అంటారు. వాన కాలానికి ముందే దాన్ని ఊడ్చి శుభ్రం చేస్తారు. చెప్పులతో దాని మీద నడవకూడదన్న కట్టుబాటు ఉన్న ఊళ్లు ఉన్నాయి. మనకు అది ఎట్లా కనిపిస్తుంది? గడ్డి లేని, చెట్టు లేని, జీపు తోలడానికి మంచి చదునైన నేలలాగా కనిపిస్తుంది. టైర్లు దాన్ని గీసి, ఆయిలు చుక్కలు పడితే, తర్వాతి వానకు ఆ మురికి పోయేది ఎవరి కడవలోకి?

ఇంకొన్ని చోట్ల ఇసుక కింద జిప్సం పొర ఉంటుంది. వాన చెమ్మ కిందికి దిగి ఉప్పునీళ్లలో కలవకుండా ఆ పొర ఆపుతుంది. ఆ చెమ్మ బొట్టు బొట్టుగా ఊరడానికి ఒక్క మనిషి పట్టేంత సన్నటి బావులు తవ్వుకుంటారు. ఆ నీళ్లే తాగే నీళ్లు. దూరం నుంచి చూస్తే అక్కడ కూడా 'ఏమీ ఉండదు'.

మనది పద్మశాలీల వాడ. వెనకట వీధిలో పడుగు చాపితే దాన్ని తొక్కి దాటే మనిషి లేడని మా తాత చెప్పేవాడు. కొత్తగా వచ్చినవాడికి అది ఉత్త దారాలు. మనకు అది ఒక ఇంటి కూడు. వాళ్ల ఆగోర్ కూడా అట్లాంటిదే.

గడ్డి సంగతి కూడా చెప్పాలి. థార్‌లో సేవణ్ అనే గడ్డి ఉంటుంది. ఎండకు చచ్చినట్టే కనిపిస్తుంది కానీ వేళ్లు లోతుకు పోయి ఇసుకను పట్టుకుని ఉంటాయి. ఆవులకు, గొర్రెలకు అదే మేత. దాని దుబ్బుల మీద నుంచి జీపులు మళ్లీ మళ్లీ పోతే వేళ్లు వదిలేస్తాయి, ఇసుక లేస్తుంది. గట్టి నేలలో సాండా అనే బల్లి బొరియలు చేసుకుంటుంది. ఆకులు తిని బతికే బల్లి అది. లోపలికి పోయి బొరియ మూతిని మట్టితో మూసుకుంటుంది. పైన చూస్తే నేల ఖాళీ. కింద ఒక ఇల్లు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైనది బట్టమేక పిట్ట. మరాఠీలో మాళ్‌ఢోక్ అంటారు, రాజస్థాన్‌లో గోడావణ్ అంటారు, అది ఆ రాష్ట్ర పక్షి. మనిషి నడుము దాటేంత ఎత్తు, 15 కిలోల దాకా బరువు పెరుగుతుంది. ఇంత పెద్ద పక్షి చెట్టెక్కి గూడు కట్టదు. మైదానంలో నేల మీదనే గుడ్డు పెడుతుంది. మామూలుగా ఒక్కటే గుడ్డు. ఆ గుడ్డు రంగు మట్టిలో కలిసిపోయేటట్టు ఉంటుంది. తల్లి ఒక్కతే దాదాపు నెల రోజులు పొదగాలి. పొదిగే కాలం ఎక్కువగా మార్చి నుంచి సెప్టెంబర్ దాకా. మన అన్నలు పోదామన్నది ఏప్రిల్‌లో! "అప్పుడు టెంట్లు చవక" అంట. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఎవరూ రారు, అందుకే చవక.

ఈ పక్షులు ప్రపంచం మొత్తంలో దాదాపు 150 మాత్రమే మిగిలాయి. వాటిలో ఎక్కువ జైసల్మేర్ జిల్లాలోనే ఉన్నాయి. సమ్ అనే చోట 2019 నుంచి ఒక కేంద్రం నడుస్తోంది. నేల మీద పెట్టిన గుడ్లను జాగ్రత్తగా ఏరి తెచ్చి, యంత్రంలో పొదిగించి, పిల్లలను పెంచుతున్నారు. ఒక్కొక్క గుడ్డుకు అంత కష్టపడుతున్నారు. టైర్లలో గాలి ఎంత తగ్గించాలో మన వాళ్లకు బాగా తెలుసు. ఆ గుడ్డు ఎక్కడ ఉంటుందో జీపు తోలేవాడికి తెలుసా? తెలియదు. తొక్కినా తెలియదు.

"ఎక్కడో రాజస్థాన్ పక్షి గురించి షోలాపూర్ పిల్లకు ఎందుకు?" అంటారేమో. ఆ పక్షి మనది కూడా. మన ఊరి నుంచి 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న నాన్నజ్ అభయారణ్యం ఈ పక్షి కోసమే 1979లో ఏర్పాటైంది. మన చుట్టాలున్న ఆంధ్రలో, పాత కర్నూలు జిల్లా రోళ్లపాడులో, 1988లో ఇంకొకటి ఏర్పాటైంది. ఇప్పుడు నాన్నజ్‌లో ఒక్క పక్షి కనిపిస్తే పేపర్లో వార్త. రోళ్లపాడులో దాదాపు మాయమైపోయింది. ఇక్కడ జీపులు తొక్కలేదు. కానీ ఇక్కడ కూడా గడ్డి మైదానాన్ని పడావు భూమి అన్నారు, బంజరు అన్నారు, ఖాళీ అన్నారు. తోటలు, ఇళ్లు, కంపెనీలు వచ్చాయి. పక్షికి చోటు లేకుండా పోయింది. ఆ మాట ఇక్కడ ఏం చేసిందో చూశాక, అదే మాట పట్టుకుని 1,400 కిలోమీటర్లు పోయి, మిగిలిన వాటి మీదికి జీపులు తోలుదామా?

నాకు ఎదురు చెప్పిన మాటలు మూడు. వాటికి జవాబు చెబుతాను.

ఒకటి, "కరెంటు తీగలకు తగిలి ఆ పక్షులు చస్తున్నాయి, మన నాలుగు జీపులతో ఏమైతది?" తీగల సంగతి నిజమే. ఆ పక్షికి ఎదురుగా సరిగ్గా కనిపించదు, బరువు వల్ల చటుక్కున పక్కకు తిరగలేదు. అందుకే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, తీగలను భూమిలోంచి వేయాలని 2021లో ఆదేశం వచ్చింది, 2024లో దాన్ని కొంత మార్చారు. కానీ ఇంటికి పెద్ద దొంగ వచ్చాడని చిన్న దొంగకు తలుపు తీస్తామా? తీగలు మన చేతిలో లేవు. స్టీరింగ్ మన చేతిలో ఉంది.

రెండు, "మనం పోతేనే అక్కడోళ్లకు నాలుగు పైసలు." ఇది మంచి మాట, నేను ఒప్పుకుంటాను. కానీ మన ప్లాన్ చూడండి. జీపులు మనవి, డేరాలు మనవి, బియ్యం, పప్పు, గ్యాస్ పొయ్యి కూడా ఇక్కడి నుంచే. అక్కడి మనిషికి ఏం ఇస్తున్నాం? చక్రాల గుర్తులు, చిప్స్ కవర్లు. ఒంటె తోలే ఆయనకు, దారి చూపే ఆయనకు, రొట్టెలు చేసి పెట్టే అమ్మకు పైసలు పోయే ప్లాన్ వేస్తే అప్పుడు ఆ మాట అనవచ్చు.

మూడు, "పిల్లలకు ధైర్యం రావాలి." జీపులో కూర్చుంటే ఏం ధైర్యం వస్తుంది? జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ అనే ఊరిలో 1730లో రాజు మనుషులు చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవి అనే ఆమె చెట్టును కౌగిలించుకుని ప్రాణం ఇచ్చింది. ఆమె వెనక మొత్తం 363 మంది బిష్ణోయిలు చనిపోయారు. ఆ చెట్టు ఏదో తెలుసా? మనం దసరా నాడు ఆకులు పంచుకుని 'బంగారం' అని పెద్దల చేతిలో పెట్టే జమ్మి చెట్టే. ధైర్యం నేర్చుకోవాలంటే ఆ ఊరు పోయి చూద్దాం.

వద్దు అని ఊరుకోవడం న్యాయం కాదు కాబట్టి నా ప్లాన్ కూడా రాస్తున్నాను. ఏప్రిల్ వద్దు, చలికాలం సెలవుల్లో పోదాం. జోధ్‌పూర్ మీదుగా రైలులో పోదాం. రాత్రి చలి గట్టిగా ఉంటుంది, మన ఊరి చాదర్లు ఉండనే ఉన్నాయి. బండ్లు ఎప్పుడూ నడిచే బాట మీదనే బండి ఎక్కుదాం, బాట లేనిచోట ఊరి మనిషి వెంట నడుద్దాం. డేరాలు ఆయన చూపించిన చోటనే వేద్దాం. అభయారణ్యంలోకి పోవాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకుందాం, సరిహద్దు వైపు పోయేముందు కూడా అడిగి తెలుసుకుందాం. తీసుకుపోయిన ప్రతి కవరూ తిరిగి తెద్దాం. అన్నిటికంటే ముందు ఒక ఆదివారం నాన్నజ్ పోదాం. పక్షి కనిపించకపోవచ్చు. గడ్డి నేల అంటే ఏమిటో కనిపిస్తుంది.

అమ్మానాన్నలకు నా మనవి ఒకటే. ఈ నెలాఖరుకు అడ్వాన్సు కట్టమన్నారు. అవి సాంచాల మీద నిలబడి, బీడీలు చుట్టి కూడబెట్టిన పైసలు. కట్టే ముందు అన్నలను ఒక ప్రశ్న అడగండి: "రోడ్డు దిగుతారా?" దిగుతామంటే పైసలు ఇవ్వకండి. దిగమంటే, నా పేరు కూడా రాయించండి.

— పదవ తరగతి విద్యార్థిని