మనసుకూ కావాలి వ్యాకోచ సంధి

ఇంజనీరింగు చదివిన మాకు ‘స్ట్రెస్’ అంటే ప్రతిబలం. భారం మోసే లోహం తనలో కలిగించుకునే నిరోధం. ఈ భావన వైద్యంలోనూ స్థిరపడడానికి ప్రధాన కారకుడు హాన్స్ సెల్యే. చలి, గాయం, విషపదార్థం వంటి భిన్న బాధలకు ఎలుకల శరీరం ఒకే తీరున స్పందిస్తుందని ఆయన 1936లో ప్రకటించారు.

మానవ దేహమూ అంతే. ఆందోళన కలిగినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులు రక్తంలో చేరుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కాలేయం చక్కెరను విడుదల చేస్తుంది. ఆరోగ్యవంతునికి ఇది తాత్కాలికం. మధుమేహం, ఉబ్బసం, పార్శ్వపు నొప్పి, కీళ్ళవాతం వంటి దీర్ఘవ్యాధులు గలవారికి మాత్రం ఉన్న బాధ ఉద్ధృతమవుతుంది.

మార్చి నెలాఖరు లెక్కల ఒత్తిడిలో చక్కెర పెరిగిందని కొందరు మిత్రులు తమంత తామే మాత్రలు పెంచుకుంటారు. మనసు కుదుటపడగానే మరికొందరు రక్తపోటు మాత్రలు మానివేస్తారు. మొదటిది చక్కెరను ప్రమాదస్థాయికి దించవచ్చు. రెండవది పక్షవాతానికి దారితీయవచ్చు. మందు మార్చవలసినది వైద్యుడే. మనం చేయవలసినది, పరీక్ష ఫలితం పక్కనే ఆనాటి నిద్ర, చికాకులు రాసిపెట్టి ఆయనకు చూపడం.

మనం నిత్యం దాటే హౌరా వంతెననే చూడండి. 1943లో వాడుకలోకి వచ్చిన ఆ 26,500 టన్నుల ఉక్కు కట్టడం ఎండకు వ్యాకోచిస్తుంది. అందుకే నిర్మాతలు దానిలో వ్యాకోచ సంధులు అమర్చారు. ఆ కొద్దిపాటి ఖాళీయే వంతెనకు రక్ష. భారం తప్పనప్పుడు చోటు కల్పించడమే ఉపాయం.

మనసుకు ఆ చోటు శ్వాసతో లభిస్తుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని, నెమ్మదిగా గాలి పీల్చి, అంతకన్న నెమ్మదిగా విడవాలి. నిమిషానికి సుమారు ఆరు శ్వాసల చొప్పున ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు చాలు. తల తిరిగినా, ఆయాసం కలిగినా ఆపివేయాలి. వేళకు నిద్ర, ఆత్మీయులతో నాలుగు మాటలు కూడా ఔషధప్రాయమే. సెలవునాడు శిబ్‌పూర్‌లో 1787లో నెలకొన్న వృక్షోద్యానంలో కుటుంబసమేతంగా నడవవచ్చు. అక్కడి మహావటవృక్షం తెగులు సోకిన ప్రధాన కాండాన్ని 1925లో కోల్పోయినా, ఊడల ఆధారంతో నేటికీ విస్తరిస్తూనే ఉంది.

దీర్ఘవ్యాధి సమూలంగా పోకపోవచ్చు. దానికి మన ఆందోళన తోడు కాకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది. మందు మానకండి, మనసును మరువకండి.