కనుగొన్నది నలుగురికీ చెప్పాలి

హైటెక్ సిటీ అనగానే మీకు ఏమి గుర్తుకొస్తుంది? అద్దాల మేడలు, ఫ్లైఓవర్లు, కంప్యూటర్ కంపెనీలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి లేచాయి. కాని వీటికంటే ఎంతో ముందునుంచీ అక్కడ ఉన్నవి ఇంకొన్ని ఉన్నాయి. అవి బండరాళ్లు. ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు, చేత్తో తోస్తే దొర్లిపోతాయేమో అన్నట్టు ఉంటాయి.

వాటిని ఎవరూ పేర్చలేదు. సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం భూమి లోపల శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గ్రానైటు శిలగా గట్టిపడింది. పైనున్న పొరలు కోట్ల సంవత్సరాలపాటు అరిగి కొట్టుకుపోగా అది బయటపడింది. మీది బరువు తగ్గటంతో బండ పగుళ్లు తీసింది. ఆ పగుళ్లలోకి వాననీరు దిగింది. గ్రానైటులో ఉండే ఫెల్‌స్పార్ అనే ఖనిజాన్ని నీరు మెల్లమెల్లగా బంకమట్టిగా మారుస్తుంది. బండ మూలలకు మూడు వైపులనుంచీ నీరు తగులుతుంది కాబట్టి అవి ముందుగా అరుగుతాయి. అందుచేత పలకల బండ కాలక్రమాన గుండుగా మారుతుంది. చుట్టూ ఉన్న మట్టి వానకు కొట్టుకుపోతే గుండ్లు మిగులుతాయి. భూమిమీద డైనోసార్లు పుట్టేనాటికే ఈ శిల వయస్సు 200 కోట్ల ఏళ్లు దాటిందంటే ఆశ్చర్యంగా లేదూ?

భూగర్భ శాస్త్రజ్ఞులకు ఈ సంగతి తెలుసు. కాని ఆ గుట్ట పక్కనే ఇల్లు కట్టుకున్నవారిలో ఎందరికి తెలుసు? తెలియనివారి కంటికి బండ అంటే కంకర, అంతే. ఒక విషయాన్ని కనుగొన్నంత మాత్రాన శాస్త్రజ్ఞుని పని పూర్తయినట్టు కాదని నా అభిప్రాయం. దాన్ని నలుగురికీ, వారికి తెలిసిన భాషలో చెప్పినప్పుడే పని పూర్తవుతుంది.

1996లో హైదరాబాదులో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంఘం ఏర్పడింది. ఆ సంఘం వారు జనాన్ని వెంటబెట్టుకుని బండల మధ్య నడిచారు, వాటి కథ చెప్పారు. తొమ్మిది శిలా సముదాయాలు నగర వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. శిల్పారామం ఆవరణలోని ఎలుగుబంటి ముక్కు బండ, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు బండ, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు వాటిలోవే. కథ చెప్పేవారు దొరకని బండలు ఎన్నో పేలిపోయి పునాదుల్లో కలిసిపోయాయి.

రాళ్ల సంగతి ఇలా ఉంటే, వాటిమధ్య బతికే ప్రాణుల సంగతి చూడండి. విశ్వవిద్యాలయ ఆవరణలో దొరికిన ఒక సాలీడు ప్రపంచానికి కొత్త జాతి అని 2010లో తేలింది. చెట్టు బెరడుమీద రెండు తోకలున్నట్టు కనిపించే సాలెపురుగుల కుటుంబానికి చెందినది అది. దానికి మన నగరం పేరుమీదనే 'మురీసియా హైదరాబాదెన్సిస్' అని పేరు పెట్టారు. అమెజాన్ అడవులకు వెళ్లనక్కరలేదు, గచ్చిబౌలిలోనే కొత్త జాతి దొరికిందన్నమాట!

చెప్పటం అనేది ఒకవైపు నుంచే జరగదు. కడప జిల్లా కలివికోడి సంగతి మీరు వినే ఉంటారు. 1900 తరువాత ఎవరికీ కనబడని ఆ పక్షి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అక్కడి పల్లెవాసుల సాయంతో దాన్ని మళ్లీ కనుగొన్నారు. పుస్తకాలు లేదన్న పక్షి ఆ ఊరివారికి తెలుసు! శాస్త్రజ్ఞుడు అడిగాడు, పల్లెవాసులు చెప్పారు. ఆ పక్షి బతికే పొదల అడవిని లంకమల్లేశ్వర అభయారణ్యంగా కాపాడారు.

ఇటీవలి సంగతికి వద్దాం. 2025 మార్చి చివరలో విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమిలో యంత్రాలు చెట్లు కొట్టటం మొదలుపెట్టాయి. విద్యార్థులు అడ్డు చెప్పారు. అక్కడ కనిపించే నెమళ్లు, జింకలు, పక్షుల ఫోటోలు, జాబితాలు ఊరంతా చూసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపమని ఆజ్ఞాపించింది. ఆ ఉత్తర్వులో నెమళ్ల, జింకల ప్రస్తావన కూడా ఉంది. ఏళ్ల తరబడి చూసినవారు చూసినది రాసిపెట్టకపోతే అక్కడ ఏమున్నదో బయటివారికి ఎలా తెలిసేది?

"ఉద్యోగాలు కావాలి, కట్టడాలు కావాలి కదా" అని కొందరు అడుగుతారు. నిజమే, కావాలి. ఎలుగుబంటి ముక్కు బండను కదల్చకుండానే శిల్పారామం కట్టారు కదా! ఏది ఉంచాలో ముందే తెలిస్తే ఏది ఎక్కడ కట్టాలో కూడా తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అన్నీ అందరికీ చెప్పకూడదు. నక్షత్ర తాబేలును దొంగతనంగా పట్టి అమ్ముకునేవారున్నారు. ఆ తాబేలు మన గుట్టల్లో ఉందని చెప్పండి, ఏ పొద కింద ఉందో మాత్రం చెప్పకండి. పక్షి గూడు విషయంలోనూ అంతే.

మన గుట్టలమీద, చెరువులమీద పరిశోధన చేసేవారు ఎక్కువగా ఇంగ్లీషు పత్రికల్లోనే రాస్తారు. అలా రాయటం అవసరమే. కాని ఆ పరిశోధన జరిగిన చోటికి దగ్గరలో ఉన్న బడికి వచ్చి తెలుగులో ఒక గంట చెప్పటం కూడా అంతే అవసరం. వారిని పిలవమని మీ సైన్సు మాస్టారిని అడగండి.

ఈలోగా మీరు చేయగలిగినది ఉంది. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ ఇంటి దగ్గరి బండనో, చెరువునో, ఒక్క చెట్టునో ఎంచుకోండి. వారానికొకసారి వెళ్లి తేదీ, సమయం వేసి, చూసినది చూసినట్టు రాయండి. పేరు తెలియకపోతే బొమ్మ గీయండి. ఆ చుట్టుపక్కల ఉండే పెద్దవాళ్లను, రాళ్లు కొట్టే వడ్డెరలను, చేపలు పట్టేవారిని అడగండి. సంవత్సరం తిరిగేసరికి ఆ చోటుగురించి మీ అంత తెలిసినవారు మరొకరు ఉండరు. అప్పుడు ఆ పుస్తకాన్ని పెట్టెలో దాచకండి. తరగతిలో నిలబడి అందరికీ చదివి వినిపించండి.