నంబరు చెరిగితే ఉక్కు తుక్కే

పోయిన వారం పని మీద ఒక చిన్న పడవల యార్డుకు వెళ్లాను. గోడ వారగా ఉక్కు ప్లేటు ముక్కలు పడున్నాయి. ఒకటైతే తలుపంత ఉంది, 12 మిల్లీమీటర్ల మందం. తక్కువలో తక్కువ 180 కిలోలు తూగుతుంది. తుక్కు లారీకి వేస్తున్నారు. ఎందుకయ్యా అంటే, ‘హీట్ నంబరు లేదండీ’ అన్నాడు ఫోర్‌మన్.

నాకు కడుపు తరుక్కుపోయింది. ఆ ప్లేటు ఏ విడతలో కరిగించి పోసిందో చెప్పేది ఆ నంబరే. మిల్లు సర్టిఫికెట్‌తో అది సరిపోలకపోతే సర్వేయరు ఓడలో వాడనివ్వడు. అతని తప్పేమీ లేదు, సముద్రంలో ప్రాణాలు ఆ ప్లేటు మీదే ఉంటాయి. కానీ కోసేటప్పుడు నంబరు ఒక ముక్కతో పోతుంది. రెండో ముక్క మీద పంచ్ కొట్టడం మరిచిపోతే మేలైన ఉక్కు కాస్తా తుక్కవుతుంది.

ప్లేటు మీద భాగాలను పొందిగ్గా సర్దిపెట్టే నెస్టింగ్ సాఫ్ట్‌వేర్లు కొంటున్నాం, సంతోషం. కానీ మిగిలిన ముక్క కొలత, మందం, గ్రేడు, నంబరు, అది పడున్న చోటు ఎక్కించకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ కొత్త ప్లేటే అడుగుతుంది. ఇంకో వృథా కూడా ఉంది. వెల్డింగ్ వేడికి ఉక్కు ముడుచుకుంటుందని అంచున అదనం వదిలి, తర్వాత కోసి పారేస్తారు. జపాన్ యార్డులు ఎంత ముడుచుకుందో బ్లాకు బ్లాకుకూ కొలిచి, రాసిపెట్టి, ఆ అదనాన్ని దశాబ్దాల కిందటే తగ్గించుకున్నాయి. మన దగ్గర చాలాచోట్ల ఆ లెక్క పాత ఫిట్టర్ల అనుభవంలోనే ఉంది. వాళ్లు రిటైరైతే లెక్కా వాళ్లతోనే పోతుంది.

విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో నౌకాదళం కోసం ఒక్కోటి 44,000 టన్నుల ఓడలు ఐదు కడుతున్నారు. 2024 ఏప్రిల్‌లో కోత మొదలైంది. పది వేల టన్నుల ప్లేటులో నూటికి ఒక వంతు ఆదా చేసినా 100 టన్నులు.

అసలు ఆ ప్లేటు మన ఊళ్లో ఎందుకు తయారు కాదు? 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న విశాఖ ఉక్కు పక్కనే ఉంది. అక్కడ కడ్డీలు, వైరు రాడ్లు వస్తాయి. ప్లేటు మిల్లు పెట్టలేదు, సొంత ఇనుప గనీ ఇవ్వలేదు. ఓడలు కట్టే ఊరికి ఇది తీరని అన్యాయం.

ఆ మిల్లు ఢిల్లీ ఇవ్వాల్సిందే. ఈలోగా యార్డుల అధికారులకు నా విన్నపం ఒక్కటే: కట్టర్ వెలిగించక ముందే, మిగలబోయే ముక్క మీద నంబరు కొట్టించండి.