అంకెలు కాదు, గడియారం దిద్దుకుందాం

మా పొలం పక్క వాగు నిలకడగా ఉన్నప్పుడు మట్టం గంట ఆలస్యంగా చూసినా ఫరవాలేదు. వరద పొంగేటప్పుడు పది నిమిషాలు అటూ ఇటూ అయితే లెక్క తప్పినట్టే. శాంపుల్-అండ్-హోల్డ్ సర్క్యూటు సంగతీ అంతే.

స్విచ్ విడివడిన క్షణంలో ఉన్న వోల్టేజీని కెపాసిటర్ పట్టి ఉంచుతుంది. ఆ క్షణం ప్రతిసారీ ఒకేలా ఆలస్యమైతే దిద్దుకోవచ్చు. ఒక్కోసారి ఒక్కోలా అయితే దిద్దలేం. 1 వోల్టు శిఖరమున్న 1 మెగాహెర్ట్జ్ సైన్ తరంగం సున్నా దాటేచోట 1 నానోసెకండు తేడా వస్తే సుమారు 6 మిల్లీవోల్టుల తప్పు వస్తుంది. 2 వోల్టుల పరిధిగల 12 బిట్ల కన్వర్టర్‌లో ఒక్కో మెట్టు అర మిల్లీవోల్టే!

మిత్రులారా, రీడింగులు కుదరకపోతే మనమేం చేస్తున్నాం? ఎక్కువ బిట్ల చిప్పు కావాలంటాం, లేదా రికార్డులో కుదిరేట్టు రాసేస్తాం. నేనూ రాశాను. అది తప్పు. క్లాకును మంచి క్వార్ట్జ్ స్ఫటికం నుంచి తిన్నగా తెద్దాం. దారిలో అనవసరపు గేట్లు వద్దు. పల్సు అంచు నిటారుగా ఉండాలి, సప్లయిలో నాయిస్ తగ్గాలి, డిజిటల్ తీగలు దూరంగా ఉండాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు, ఓపిక చాలు.

వాగు మట్టం ఇంతని చెబితే మా నాన్న ముందు "ఎప్పుడు చూశావురా?" అంటాడు. మన ప్రయోగశాలలోనూ మొదటి ప్రశ్న అదే కావాలి.